సర్కారు సీటు, కాంట్రాక్టు కుర్చీ

మా దిక్కు ఎర్రగడ్డ అంటే తిట్టు. "ఎర్రగడ్డ నుంచి తప్పిచ్చుకొచ్చినవా" అని చిన్నప్పుడు నేనూ ఎందరినో అన్నాను, నన్నూ అన్నారు. మాది పాత మెదక్ జిల్లా. హైదరాబాద్ బస్సెక్కితే రెండు గంటల దారి. అక్కడి మానసిక ఆసుపత్రి గేటు లోపలికి నేను మొదటిసారి అడుగు పెట్టింది 2015లో, మా మేనమామను అత్తా నేనూ చెరో పక్కా పట్టుకుని.

ఆ ఏడాది కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు జరిగాయి. కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటివి కలిపి పోస్తున్నారని, ఏళ్ల తరబడి తాగిన ఒంటికి అవి లేకపోతే నడవదని మాకేం తెలుసు? దుకాణం మూతపడిన మూడో రోజు మామ చేతులు వణకడం మొదలైంది. నాలుగో రోజు గోడ మీద ఎవరో కూర్చున్నారని వాళ్లతో మాట్లాడాడు. ఐదో రోజు ఫిట్స్. ఊళ్లో గాలి సోకిందన్నారు. ఎర్రగడ్డకు పోయి చూస్తే మాలాంటి వాళ్లు వరసగా ఉన్నారు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, అందరివీ అవే వణికే చేతులు.

ఆ రద్దీలో మామను చూసిన డాక్టర్ ముఖం నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఒక మేడమ్. మా అత్తనూ నన్నూ బెంచీ మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. ఇంట్లో సంపాదన ఎవరిది, అప్పు ఎంత, మామ మొదటిసారి తాగింది ఏ వయసులో, అత్త మీద చెయ్యి చేసుకుంటాడా, పిల్లలు బడికి పోతున్నారా. పదిహేనేళ్ల కాపురంలో పుట్టింటివాళ్లకు కూడా చెప్పని మాటలు అత్త ఆ బెంచీ మీద చెప్పింది. మేమంతా ఆమె డాక్టరే అనుకున్నాం. వచ్చేటప్పుడు అడిగితే నవ్వి, "డాక్టర్‌ను కాదమ్మా, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని" అంది. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. అప్పటికి నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం.

మా నాన్నది కిరాణా కొట్టు. బీఈడీ చేస్తే టీచర్‌వి అవుతావని ఆయన ఆశ. నేను ఎం.ఎస్.డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో చేరాను. "దాంతోని ఏం కొలువొస్తది?" అని ఆయన అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఎం.ఎస్.డబ్ల్యూ రెండో ఏడాదిలో మా సార్ ఒకాయన ఎం.ఫిల్ గురించి చెప్పారు. సోషల్ వర్క్‌లో పీజీ అయ్యాక, ఆసుపత్రిలోనే ఉండి, సీనియర్ల కింద రెండేళ్లు పనిచేస్తూ చదివే కోర్సు. అది ఉంటేనే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటారు. చట్టంలోనే అలా రాసి ఉంది, 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో. సీట్లు ఎక్కడున్నాయని అడిగితే ఆయన ఒక ప్రభుత్వ కాగితం తీసి చూపించారు. నా జీవితంలో ఒక స్కీం గైడ్‌లైన్స్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం అదే మొదలు.

క్లుప్తంగా సంగతి ఇది. డాక్టర్లకైనా, మాలాంటి వాళ్లకైనా నేర్పే చోట్లే దేశంలో తక్కువ. అందుకని 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో, 2009లో, కేంద్రం మ్యాన్‌పవర్ డెవలప్‌మెంట్ స్కీం అని ఒకటి పెట్టింది. 11 సంస్థలను సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఎంచుకుని ఒక్కోదానికి 30 కోట్ల దాకా ఇచ్చే ఏర్పాటు. ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా వాటిలో ఒకటి. బదులుగా ఒక్కో సంస్థ ఏటా నలుగురు సైకియాట్రిస్టులను, 16 మంది క్లినికల్ సైకాలజిస్టులను, 16 మంది సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను, 20 మంది సైకియాట్రిక్ నర్సులను తయారు చేయాలి. తర్వాత ఆ సెంటర్లు 25 అయ్యాయి. ఇవి కాక 47 పీజీ డిపార్ట్‌మెంట్లను బలపరచడానికీ డబ్బిచ్చారు. అదే గైడ్‌లైన్స్‌లో ఒక షరతు కూడా ఉంది. స్కీం కాలం అయిపోయాక జీతాల ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం నెత్తికెత్తుకోవాలి. చదువుతున్నప్పుడు ఆ లైను మీద నా కన్ను ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

2018లో అప్లై చేశాను. చేరింది పొరుగు రాష్ట్రంలో ఒక సంస్థలో. పేరు చెప్పను, నేర్పినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

ఎంట్రన్స్ పరీక్ష పెద్ద కష్టం కాలేదు. ఇంటర్వ్యూ మాత్రం గుర్తుండిపోయింది. బోర్డులో ఒక పెద్దాయన, "మీ ఊళ్లో పూనకం వచ్చిన మనిషికీ, జబ్బు చేసిన మనిషికీ తేడా ఎలా చెప్తావు?" అని అడిగారు. పుస్తకంలో చదివిందేదీ నోటికి రాలేదు. "సార్, బోనాల నాడు శివసత్తులకు పూనకం వస్తుంది. రాత్రికి దిగిపోయి ఇంటికెళ్లి అన్నం వండుకుంటారు. మా వీధిలో ఒకామెకు పండుగ అయిపోయి నెల దాటినా దిగలేదు, వండుకోవడమే మానేసింది" అన్నాను. ఆయన పక్కనున్న మేడమ్ వైపు చూసి ఏదో రాసుకున్నారు. లిస్టులో నా పేరు ఉంది.

చేరేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కున్నాను. నా దగ్గర ఉన్నవి ప్రొవిజనల్, మార్కుల మెమోలు. మైగ్రేషన్ ఒరిజినల్ పది రోజుల్లో ఇవ్వకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు పోతుందన్నారు. రాత్రి బస్సెక్కి వెనక్కి వచ్చాను. యూనివర్సిటీ కౌంటర్‌లో ఉన్నాయన చలాను కట్టమన్నాడు, కట్టాను. సంతకం పెట్టే ఆఫీసర్ లీవులో ఉన్నాడన్నాడు, కూర్చున్నాను. అలా మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు సాయంత్రం ఆఫీసు మూసే ముందు చేతికొచ్చింది. సర్కారు కోట్లు పోసి పెట్టిన సీటు ఒక లీవు లెటర్ వల్ల ఖాళీగా పోయేదే కదా అని బస్సులో నవ్వుకున్నాను. అప్పుడది నవ్వులాటగానే ఉంది.

అక్కడికెళ్లాక ఇంకో లెక్క తెలిసింది. కాగితం మీద మా డిపార్ట్‌మెంట్‌కు 16 సీట్లు. మేం చేరింది ఎనిమిది మందిమి. కొత్త బిల్డింగ్ లేచింది, లైబ్రరీలో ప్లాస్టిక్ కవర్ తీయని పుస్తకాలున్నాయి, రెండు క్లాస్‌రూముల్లో ప్రొజెక్టర్లున్నాయి. నేర్పే ఫ్యాకల్టీ పోస్టులు మాత్రం సగం ఖాళీ. ఒక్కో గైడ్ కింద ఇంతమందే ట్రైనీలు ఉండాలని లెక్క ఉంటుంది. గైడ్ లేకపోతే సీటు లేదు. బిల్డింగ్ కట్టడానికి ఒకసారి డబ్బిస్తే సరిపోతుంది. మనిషికి నెలనెలా ఇవ్వాలి. ఫ్యాకల్టీ నోటిఫికేషన్ ఎప్పుడని అడిగితే, "ఫైల్ ఫైనాన్స్‌లో ఉంది" అనేవాళ్లు. నేనున్న రెండేళ్లూ ఆ ఫైలు ఫైనాన్స్‌లోనే ఉంది.

ఇక చదువు. నా మొదటి కేస్ హిస్టరీని మా సూపర్‌వైజర్ మేడమ్ నాలుగుసార్లు వెనక్కి ఇచ్చారు. "రోగి చిన్నప్పటి నుంచి మొండివాడు" అని రాశాను. దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఈ మాట ఎవరిది? నీదా, అన్నదా, తల్లిదా?" అని అడిగారు. అన్నది. "అయితే అన్న అన్నాడని రాయి. తల్లిని కూడా అడుగు." అడిగాను. తల్లి, "వాడు మొండివాడు కాదు, వాడికి భయం ఎక్కువ" అంది. అదే పిల్లవాడు, అదే ఇల్లు. ఆ రోజు నుంచి ఏ మాట ఎవరు చెప్పారో రాయకుండా ఒక్క లైను కూడా రాయలేదు.

భాష రాక మొదటి ఆరు నెలలు నరకం. రోగుల బంధువులే నేర్పారు. వార్డులో టీ ఇచ్చే ఆయన నాకు తిట్లు కూడా నేర్పాడు. అవి కూడా కావాలి, లేకపోతే రోగి మిమ్మల్ని ఏమంటున్నాడో కేస్ షీట్‌లో ఎలా రాస్తారు?

పోస్టింగులు మారుతూ ఉండేవి. పెద్దవాళ్ల వార్డు, పిల్లల విభాగం, మత్తు మాన్పించే విభాగం, రీహాబ్, కమ్యూనిటీ. అన్నిటిలో నన్ను మార్చింది ఒక హోం విజిట్. ఒకతను పదకొండేళ్లుగా వార్డులోనే ఉన్నాడు. జబ్బు ఎప్పుడో అదుపులోకి వచ్చింది. గోలీలు టైముకు వేసుకుంటాడు, తోటపని చేస్తాడు, మిగతావాళ్లకు వడ్డిస్తాడు. డిశ్చార్జ్ అంటే మాత్రం ఇంటి నుంచి ఎవరూ రారు. మేడమ్ నన్నూ, ఒక నర్సునూ పంపారు. మూడు బస్సులు మారి వెళ్లాం. వాళ్లన్న మంచివాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చాడు, భోజనం పెట్టాడు. తమ్ముడి పేరెత్తగానే మాట తిప్పేశాడు. సాయంత్రం దాకా కూర్చుంటే అసలు విషయం బయటపడింది. ఆరేళ్ల కిందట భూమి పంపకాలయ్యాయి. తమ్ముడి వాటా ఎకరంన్నర అన్న సాగులో ఉంది. రేషన్ కార్డులో అతని పేరు కొట్టేశారు. ఊరి లెక్కలో అతను లేనట్టే.

దీనికి ఏ గోలీ పనిచేస్తుంది? మేం నాలుగుసార్లు వెళ్లాం. సర్పంచ్‌ను కూర్చోబెట్టాం. వికలాంగ సర్టిఫికెట్‌కు పరీక్ష చేయించాం. మానసిక జబ్బుకు ఐడియాస్ అనే స్కేలు మీద లెక్కకట్టి, 40 శాతం, అంతకు పైన ఉంటే సర్టిఫికెట్ వస్తుంది, దాంతో పెన్షన్ వస్తుంది. పెన్షన్ వస్తుందన్నాక వదిన ముఖంలో కొంచెం మెత్తదనం వచ్చింది. దాన్ని స్వార్థం అనేవాళ్లుంటారు. కూలికి పోయే ఇంట్లో ఒక కంచం పెరగడమంటే ఏమిటో తెలిసినవాళ్లు అనరు. ఏడో నెలలో అతను ఇంటికి వెళ్లాడు. బయట వసారాలో మంచం వేశారు. అది నాకు నచ్చలేదు, కానీ అతనికి నచ్చింది. రాత్రిళ్లు గొర్రెల మంద కనపడుతుందన్నాడు.

ఈ మొత్తం పనికి ఎంత ఖర్చయిందో లెక్కేశాను, నాది కొట్టువాడి బుద్ధి కదా. బస్సు చార్జీలు, ఇద్దరి రోజులు, కాగితాల జిరాక్సులు. పదకొండేళ్లు వార్డులో పెట్టి అన్నం పెట్టిన ఖర్చు పక్కన అది ఏ మూలకూ రాదు. కానీ బస్సు చార్జీలు ఏ పద్దు కింద రాయాలో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు, అందుకని మేమే పెట్టుకున్నాం.

మా స్టైపెండ్ కూడా అంతే. నెలనెలా వస్తుందని ఆర్డర్‌లో ఉంటుంది. వచ్చేది మూడు నెలలకో, నాలుగు నెలలకో ఒకసారి. మెస్ నడిపే ఆవిడ ఖాతా రాసుకునేది. ఆ ఖాతా పుస్తకంలో ఎనిమిది మంది కాబోయే నిపుణుల పేర్లు ఉండేవి, వరసగా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. థీసిస్ కోసం ఇళ్లకు వెళ్లి మాట్లాడాల్సినవి ఫోన్లో మాట్లాడాం. వైవా కంప్యూటర్ స్క్రీన్ ముందు అయిపోయింది. అమ్మ పక్క గదిలో మిక్సీ ఆపి కూర్చుంది.

2021లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టుకు ఒక జిల్లాలో నోటిఫికేషన్ వచ్చింది. మా వాళ్లందరం దాన్ని డీఎంహెచ్‌పీ అనే అంటాం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. జిల్లా స్థాయికి 1996లో వచ్చింది. మొదట దేశం మొత్తం మీద నాలుగే జిల్లాలు: రాజస్థాన్‌లో సికర్, అస్సాంలో నాగావ్, తమిళనాడులో తిరుచ్చి, మన దగ్గర మెదక్. ఎం.ఫిల్ మొదటి ఏడాదిలో ఆ పేరు పుస్తకంలో చూసి ఉలిక్కిపడ్డాను. దేశంలోనే మొదటి నాలుగింటిలో ఒకటి మా జిల్లా. మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియనే తెలియదు.

నోటిఫికేషన్‌లో ఒకే పోస్టు. కాంట్రాక్టు. పన్నెండు నెలలు, "అవసరాన్ని బట్టి పొడిగింపు". ఎం.ఫిల్ చేసినవాళ్లం అప్లై చేసింది ఇద్దరమే, ఎందుకంటే రాష్ట్రంలో ఉన్నదే కొద్దిమంది. మెరిట్ లిస్టులో పేరు వచ్చిన రోజు నాన్న కొట్టులో అందరికీ బూందీ పంచాడు. గవర్నమెంట్ కొలువు అన్నాడు. నేను సరిదిద్దలేదు.

టీం అంటే ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, నేను, ఒక నర్సు, రికార్డులు చూసే ఒకరు. ఇది కాగితం మీద. నేను చేరేనాటికి సైకాలజిస్టు పోస్టు ఖాళీ. సైకియాట్రిస్టు ఏడాదిన్నర తర్వాత ప్రైవేటుకు వెళ్లిపోయారు. ఆయన్ను తప్పు పట్టను, కాంట్రాక్టు మీద ఎవరు ఎన్నాళ్లుంటారు? తర్వాత ఎనిమిది నెలలు పక్క జిల్లా డాక్టర్ వారానికి ఒకరోజు వచ్చారు. బుధవారం ఓపీ. పొద్దున ఆరుకే వచ్చి కూర్చునేవాళ్లు.

పనిలో ఎక్కువ భాగం నాకు ముందే తెలిసినట్టే ఉండేది, ఎందుకంటే అది మా మామ కథే. కల్లు మానేసి వణుకుతున్నవాళ్లు. సూది తప్పిపోయి మళ్లీ జబ్బు తిరగబెట్టినవాళ్లు. పురుగుమందు తాగి బతికి, ఇంటికెళ్లడానికి సిగ్గుపడేవాళ్లు. ఆశా వర్కర్లకు ట్రైనింగ్ ఇస్తే, వాళ్లు నాకంటే బాగా పసిగట్టేవాళ్లు. "మేడమ్, ఆ పిల్ల కాన్పు అయినంక బిడ్డ దిక్కు చూస్తలేదు" అని ఒక ఆశా ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ బాలింతకు మందు మొదలుపెట్టి, అత్తగారికి రెండు గంటలు నచ్చజెప్పాం. ఇప్పుడు ఆ బిడ్డ అంగన్‌వాడీకి వెళ్తోంది.

సదరం క్యాంపు, అంటే వికలాంగ సర్టిఫికెట్లకు పరీక్ష చేసే క్యాంపు, ఆ రోజులు వేరు. పెన్షన్ కోసం సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కు క్యాంపులో సైకియాట్రిస్టు ఉండాలి. మా దగ్గర సొంత డాక్టర్ లేని ఎనిమిది నెలల్లో ఎంతమంది తిరిగి వెళ్లారో నా డైరీలో ఉంది. దివ్యాంగుల పెన్షన్ 2019లో 3,016 రూపాయలైంది, 2023లో 4,016 అయింది. ఒక ఖాళీ పోస్టు వల్ల ఒక ముసలి తల్లి నెలకు ఎంత పోగొట్టుకుందో ఆ అంకె చెప్తుంది. "డాక్టర్ సారు ఎప్పుడొస్తడు బిడ్డా?" అని అడిగేది ఒకావిడ. ముప్పయ్యేళ్ల కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఆమెకు రోస్టర్, నోటిఫికేషన్, అప్రూవల్ అని ఏం చెప్పను? "వచ్చే వారం" అనేదాన్ని. అది అబద్ధమని ఆమెకూ తెలుసు.

మొదటి జీతం ఐదో నెలలో వచ్చింది. ఎందుకని ఆఫీసులో అడిగితే సూపరింటెండెంట్ సార్ విసుక్కోకుండా, "అమ్మా, నీకు ఎక్సెల్ వస్తదా?" అన్నారు. వస్తుందన్నాను. యూసీ తయారు చేయమన్నారు. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టామని పై వాళ్లకు లెక్క చెప్పే కాగితం. అది వెళ్తేనే తర్వాతి డబ్బు కదులుతుంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేరి అకౌంట్స్ చేశానని మా బ్యాచ్‌వాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. నేను మాత్రం రెండేళ్ల ఎం.ఫిల్‌లో నేర్చుకోనిది ఆ రెండు వారాల్లో నేర్చుకున్నాను.

డబ్బు ఇలా వస్తుంది. కేంద్రం లెక్క ప్రకారం ఒక జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల దాకా ఇవ్వొచ్చు. జిల్లా తనకు కావాల్సింది రాసి రాష్ట్రానికి పంపుతుంది. రాష్ట్రం అన్నీ కలిపి పీఐపీ అనే ప్లాన్‌గా ఢిల్లీకి పంపుతుంది. అక్కడ నేషనల్ హెల్త్ మిషన్‌లో చర్చించి, కొట్టేసేవి కొట్టేసి, ఒప్పుకున్నవి ఒప్పుకుంటారు. కేంద్రం 60, రాష్ట్రం 40. ఈ రెండు వాటాలూ కలిసి జిల్లా ఖాతాలో పడేసరికి ఏడాదిలో సగం అయిపోతుంది. మిగిలిన సగంలో ఖర్చు పెట్టాలి. ఖాళీ పోస్టుల జీతం ఎలాగూ ఖర్చవదు. ఖర్చు కాలేదు కాబట్టి, "మీకు అంత అవసరం లేదు" అని తర్వాతి ఏడాది తగ్గిస్తారు. తగ్గిస్తే పోస్టు నింపడానికి భయపడతారు. ఆ రాత్రి ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని, ఈ చక్రం చుట్టూ నేనే రెండుసార్లు తిరిగి వచ్చాను. మా జిల్లాకు నిజంగా ఎంత వచ్చిందో ఇక్కడ రాయను, నాకింకా రెన్యువల్ ఉంది.

ఢిల్లీలో జాతీయ కార్యక్రమానికి విడిగా ఉన్న పద్దు 2021-22లోనూ, 2022-23లోనూ 40 కోట్లే. 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మొదలైంది, 14416కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. మా బ్యాచ్ అమ్మాయి ఒకామె అందులో చేరింది. మంచి సేవ, కాదనను. ఊళ్లో ఆడపిల్లలు బాత్రూంలోకి వెళ్లి గుసగుసగా ఫోన్ చేసిన సందర్భాలు నాకు తెలుసు. కానీ ఫోన్లో తేలని కేసుకు "మీ జిల్లా ఆసుపత్రికి వెళ్లండి" అంటారు. ఆ ఆసుపత్రిలో ఉన్నది నేను, నర్సు, రికార్డులు చూసే తమ్ముడు.

కాంట్రాక్టు ముగిసే రోజు, మళ్లీ మొదలయ్యే రోజు మధ్య ఒక్కరోజు బ్రేక్ పెడతారు. ఆ రోజు మేం ఉద్యోగులం కాదు. సర్వీసు వరసగా ఉందని రేపు ఎవరూ కోర్టుకు వెళ్లకుండా ఆ ఏర్పాటు అంటారు. 2023లో ఆ రోజు బుధవారం పడింది. ఓపీ రోజు. ఇంట్లో ఉండొచ్చు, ఉండలేకపోయాను. వెళ్లి కూర్చున్నాను, అటెండెన్స్ రిజిస్టర్‌లో సంతకం మాత్రం పెట్టలేదు. మధ్యాహ్నం ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చి గట్టిగా అరిచాడు, "మీరంతా గవర్నమెంటు జీతాలు తినుకుంట కూర్చున్నరు" అని. నర్సు అక్క నా వైపు చూసి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

చట్టాన్ని మళ్లీ మళ్లీ చదవడం నాకు అలవాటైంది. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 31వ సెక్షన్‌లో, జనాభాకు తగ్గట్టు ఇంతమంది నిపుణులు ఉండాలని ప్రపంచం ఒప్పుకున్న లెక్కలకు పదేళ్లలో చేరుకోవడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలని ఉంది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అంటే గడువు 2028 మే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. మన దగ్గర ఎంతమంది అంటే నా దగ్గరున్నది బుధవారం క్యూ ఒక్కటే.

ఇంకో తమాషా. చట్టం మాలాంటి వాళ్లకు ఎం.ఫిల్ ఉండాలంటుంది. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్‌నే ఎత్తేసింది. మా కోర్సుకూ, క్లినికల్ సైకాలజీ కోర్సుకూ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా మినహాయింపు ఇచ్చారు. రెండు కాగితాలూ సర్కారువే.

2025లో ఒక రాత్రి తొమ్మిదింటికి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా సార్ దగ్గర చదువుకున్న అమ్మాయే, ఆయనే నంబర్ ఇచ్చారట. ఎం.ఫిల్ ఆఖరి బ్యాచ్‌లో సీటు వచ్చింది. చేరాలా వద్దా అని అడిగింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. "దాంతోని ఏం కొలువొస్తది అని అడుగుతుండు అక్కా" అంది.

నేను చాలాసేపు చెప్పాను. ఐదు నెలల జీతం సంగతి చెప్పాను, బ్రేక్ రోజు సంగతి చెప్పాను, వసారాలో మంచం వేసుకుని గొర్రెల మందను చూసే అతని సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి అన్నీ విని, "అయితే జాయిన్ అయితున్న అక్కా, ఏమేం కాగితాలు కావాలి?" అంది.

పెన్ను తీసుకోమన్నాను. మార్కుల మెమోలు, ప్రొవిజనల్, కుల ధ్రువీకరణ, ఆరు ఫోటోలు. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. అదేంటక్కా అంది. రేపు పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లి చలాను కట్టమన్నాను, సంతకం పెట్టే ఆఫీసర్ లీవులో ఉన్నాడో లేడో ముందే కనుక్కోమన్నాను.